బండి కాడి మనిషి

“ఎటన్న తీస్కపో, తీస్కపో అంటవు గదా. పోదువు తియ్యి ఇగ,” అన్నాడు పరమేష్, గడప అవతల చెప్పులు విడుస్తూ.

ఉమారాణి చేటలో బియ్యం చెరగడం ఆపి అతని మొహం చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమో అనుకుంది. కాదు. గాబు దగ్గర కాళ్లు కడుక్కుంటూ మిగతా సంగతి చెప్పాడు. హుజూర్‌నగర్ బజారులో పురుగుమందుల దుకాణం నడిపే కమలాకర్ సేటు, దసరా సెలవుల్లో భార్యాపిల్లలను తీసుకొని మూడు రోజులు ఊళ్లు చూసి రావడానికి పోతున్నాడు. మన్ననూరు అడవి, మల్లెల తీర్థం, సోమశిల, ఆలంపూర్. లింగస్వామి కారును కిరాయికి మాట్లాడుకున్నాడు. లింగస్వామి కారుకు డ్రైవరు పరమేషే.

“ఖర్చు ఇంత అని ముందుగాలనే అనుకున్నడట సేటు. దాని మీద రూపాయి దాటనంటడు. నలుగురు మూడు దినాలు హోటళ్ల తింటె దాటుతది. వండుకుందామంటె ఆయన భార్య ఒప్పుకోలె. ఇంట్ల ఉన్నా పొయ్యి కాడ్నే, తిరగబోయినా పొయ్యి కాడ్నేనా అన్నదట. అందుకని వంటకు మనిషిని చూడమన్నడు.”

“నన్ను మాట్లాడొచ్చినవా?”

“పత్తి ఏరబోతె ఎంత కూలి వస్తదో గంత ఇస్తరు. నువ్వు చూసినట్లయితది, ఇటు కూలి గూడ పోదు. మనకై మనం పోవాల్నంటె యాడయితది చెప్పు.”

ఉమారాణి మళ్లీ చేట అందుకుంది. తనను అడగకుండానే మాట ఇచ్చి రావడం ఆమెకు నచ్చలేదు. కానీ పోనని అనడానికీ నోరు రాలేదు. గోడకు ఆనుకొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్త జానమ్మ, “పో బిడ్డా, పిల్లలను నేను చూస్కుంట. ఎప్పుడు జూసినా వాడొక్కడే తిరిగొస్తడు,” అంది.

అన్నాల దగ్గర పరమేష్ ఎప్పటిలాగే చెప్పడం మొదలుపెట్టాడు. ఏ కిరాయికి పోయి వచ్చినా అంతే. పిల్లలు కంచాలు ముందర పెట్టుకొని తినడం మరిచిపోయి వింటారు. ఈసారి పోకముందే చెప్పాడు.

“మల్లెల తీర్థం చూడాలె మీ అమ్మ. మెట్లు దిగుతాంటెనే వాసన కొడ్తది. అంత మల్లెచెట్లే. పై నుంచి నీళ్లు పడ్తాంటె పక్కపొంటి ఉన్న మనిషి మాట గూడ ఇనబడది. ఆలంపూర్ల గుళ్లయితే, ఏ రాయి చూసినా బొమ్మనే. ఒక్కదాని లెక్క ఇంకోటి ఉండది.”

ఉమారాణి చారు పోస్తూ వింటోంది. నువ్వు చూస్తవు, మేము వింటం అని ఎన్నోసార్లు అనేసి అటు తిరిగి పడుకునేది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె పోయింది తల్లిగారింటికి, పొలాలకు, పిల్లకు జ్వరం ముదిరితే నల్లగొండ దవాఖానకు. ఈ రోజు ఆ మాట అనలేదు. సందుగలోంచి పండుగకు తీసిన చీర ముందే తీసి పెట్టుకుంది.

*

తెల్లవారగానే బయలుదేరారు. ముందు సీటులో పరమేష్ పక్కన కమలాకర్ సేటు కూర్చున్నాడు. మధ్య సీటులో అతని భార్య సుహాసిని, పదేళ్ల కూతురు శ్రీనిధి, మూడేళ్ల కొడుకు రిత్విక్. వెనక సీటు సగం మడిచి చిన్న సిలిండరు, పొయ్యి, గిన్నెలు, బియ్యం మూట పెట్టారు. మిగిలిన సగంలో ఉమారాణి మోకాళ్లు ముడుచుకొని కూర్చుంది. అక్కడి నుంచి చూస్తే పరమేష్ తల వెనక భాగం, చెవి కనిపిస్తున్నాయి. దేవరకొండ దాటే వరకు భార్యాభర్తలు ఒక్క మాట మాట్లాడుకోలేదు. మాట్లాడాలంటే నలుగురి తలల మీదుగా మాట్లాడాలి.

డిండి ప్రాజెక్టు దగ్గర చెట్ల కింద ఆపారు. ఉమారాణి మూడు రాళ్ల మధ్య సిలిండరు కదలకుండా నిలబెట్టి, గాలికి అడ్డం చాప కట్టింది. సేటు వాళ్లు నీళ్ల దగ్గరకు పోయి ఫొటోలు దిగుతున్నారు. ఆమె టమాటలు కోస్తూ రెండుసార్లు తలెత్తి చూసింది. నీళ్లు కనిపించలేదు, కట్ట అడ్డం వచ్చింది. అందరూ తిన్నాక పరమేష్ కారుకు ఒరిగి నిలబడి తిన్నాడు.

“కూసోని తినరాదా?” అంది ఉమారాణి.

“కూసుంటె నిద్రొస్తది. ఇంక ఘాట్ రోడ్డున్నది.”

అంత మాటకే సేటు కేక వేశాడు. పరమేష్ కంచంలోనే చెయ్యి కడుక్కొని పోయాడు.

సాయంత్రానికి మన్ననూరులో దిగారు. రెండు గదులు తీసుకుందాం, పిల్లలు ఒకదాంట్లో పడుకుంటారు అని సుహాసిని అంది. సేటు ఒకటే చాలన్నాడు. సుహాసిని సంచీ తీసుకొని లోపలికి పోయింది. ఉమారాణికి ఆ గది వరండాలో చాప పరిచారు. పరమేష్ కారులోనే సీటు వెనక్కి వాల్చుకున్నాడు. అడవి మీది నుంచి చలిగాలి వస్తోంది. ఉమారాణి తన దుప్పటి తీసుకుపోయి ఇవ్వబోతే వద్దన్నాడు.

“నాకు అలవాటే. అద్దాలు ఎక్కిస్తె వెచ్చగుంటది.”

ఇంటి దగ్గర పక్క పక్కనే పడుకునే మనిషి, పిలిస్తే పలికేంత దూరంలో, వేరే ఊరిలో ఉన్నట్టు ఉన్నాడు. ఆమె దుప్పటి తెచ్చుకొని చాప మీద కూర్చుంది. వరండా దీపం చుట్టూ ఉసిళ్లు ముసిరాయి.

*

మల్లెల తీర్థానికి మెట్లు దిగుతుంటే రిత్విక్ నడవనని మొండికేశాడు. ఉమారాణి వాణ్ణి చంకనేసుకుంది. మెట్లు తడిగా ఉన్నాయి. ఒక చేత్తో చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని, ఒక్కో మెట్టూ పాదంతో తడుముకుంటూ దిగింది. నీళ్ల చప్పుడు ముందు వినిపించింది. కిందికి పోయేసరికి ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రాతి అంచు మీది నుంచి నీళ్లు తెల్లగా చీలి పడుతున్నాయి. తుంపర మొహం మీదికి కొడుతుంటే ఉమారాణి కళ్లు మూసుకుంది. రాయి, నాచు, తడి ఆకుల వాసన. పొద్దున తలంటుకున్నట్టు ఒళ్లంతా తేలికైంది.

కాసేపటికి వాసన సంగతి గుర్తొచ్చి కళ్లు తెరిచింది. చుట్టూ చూసింది. పెద్ద పెద్ద చెట్లు, రాళ్ల సందుల్లో వేళ్లు, తీగలు. మల్లెచెట్టు ఒక్కటీ కనిపించలేదు. పూత లేకపోయినా ఆకు తెలుస్తుంది గదా అనుకొని గట్టు వెంబడి కొంత దూరం పోయి చూసింది.

రిత్విక్ నీళ్లలో తడిసి వణకడం మొదలుపెట్టాడు. “వాన్ని పైకి తీస్కపో ఉమారాణీ, సర్ది పడ్తది. మేము జర సేపు ఉండొస్తం,” అంది సుహాసిని. ఆమె మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి చిన్నపిల్లలాగా నవ్వుతోంది.

ఉమారాణి పిల్లవాణ్ణి ఎత్తుకొని మెట్లెక్కింది. పైకి వచ్చేసరికి గుండె దడదడలాడుతోంది. కార్లు ఆపే జాగాకు ఈ చివర ఒక చాయ్ డబ్బా ఉంది. ఆ డబ్బా ముందరి బల్ల మీద కూలబడి, కొంగుతో వాడి తల తుడవసాగింది. డబ్బా నడిపే ముసలామె చెంబుతో నీళ్లు ఇచ్చింది. ఆ చివర పరమేష్ కారు అద్దం తుడుస్తున్నాడు. వీళ్లను ఇంకా చూడలేదు.

“అవ్వా, మల్లెచెట్లు ఏ దిక్కున్నయి? నాకు కనబడలె,” అంది ఉమారాణి.

ముసలామె నవ్వింది. “మల్లెచెట్లా? పేరే గట్ల. నాకు బుద్ధి తెలిసినకాడికెల్లి నేనైతె చూడలె. ఎవరు చెప్పిండ్రు నీకు?”

ఉమారాణి గడ్డంతో కారు వైపు చూపించింది. “ఆ డ్రైవరు.”

“పరమేషా? మంచోడు. ఆయనకేం తెలుసు, ఒక్కనాడు దిగినోడు గాదు. ఎన్నేండ్ల సంది వస్తున్నడో. దిగెటోళ్లు సామానంత బండిల పెట్టి దిగుతరు. అద్దం జర సందుంటె సాలు, కోతులు గుంజుతయి. బండి కాడి మనిషి బండి కాడ్నే ఉండాలె గద. ఇగో, నువ్వు కూసున్న కాడ్నే కూసుంటడు. ఎక్కొచ్చినోళ్లను అడుగుతడు, ఎట్లున్నదమ్మా, నీళ్లు మంచిగ పడ్తున్నయా అని. వాళ్లు చెప్తె ఇంటడు.”

పిల్లవాడి తల మీద ఉమారాణి చెయ్యి ఆగిపోయింది. ముందు కోపమొచ్చింది. ఇన్నేళ్లు కంచాల దగ్గర కూర్చోబెట్టి చెప్పినవన్నీ ఎవరి నోటి మాటలో. తాను ఈసడించి అటు తిరిగి పడుకున్న రాత్రులు గుర్తొచ్చాయి. నువ్వు చూస్తవు, మేము వింటం అని అంటే ఒక్కనాడైనా కాదనలేదు. లేదు, నేనూ చూడలేదని అంటే సరిపోయేది. ఎందుకు అనలేదో ఆమె ఆలోచించింది. తండ్రి ఏం తెచ్చాడని ఎదురుచూసే పిల్లల మొహాలు కళ్ల ముందుకు వచ్చాయి. తేవడానికి అతని దగ్గర ఇంకేముంది?

రిత్విక్ చాయ్ కావాలని ఏడుపు అందుకున్నాడు. ఆ ఏడుపు విని పరమేష్ గుడ్డ భుజాన వేసుకొని వచ్చాడు.

“ఎట్లున్నది? నేను చెప్పినట్లే ఉన్నదా?”

ముసలామె స్టవ్ దగ్గర వంగి ఉంది. ఉమారాణి అతని కళ్లలోకి చూడకుండా పిల్లవాడి చొక్కా గుండీలు పెట్టింది. “ఉన్నది,” అంది.

“మల్లెలు?”

“ఇప్పుడు పూత లేదు.”

“ఎండకాలంల పూస్తయి అవి,” అన్నాడు పరమేష్.

మెట్ల వైపు నుంచి సుహాసిని, శ్రీనిధి నవ్వులు దగ్గరవుతున్నాయి. అతను అటు తిరిగి, వాళ్లు పైకి వచ్చే చోటే చూస్తూ నిలబడ్డాడు.

*

ఆ రోజు మధ్యాహ్నానికి కొల్లాపూర్ మీదుగా సోమశిల చేరారు. పడవలో రిత్విక్‌ను పట్టుకోవడానికి మనిషి కావాలి కాబట్టి సేటు ఉమారాణికీ టికెట్టు తీశాడు. పడవ కదిలాక ఆమె నీళ్లు చూడలేదు, ఒడ్డు చూసింది. ఒడ్డున పరమేష్ కారులో కాళ్ల కింద పరిచిన పట్టాలు తీసి రాయికేసి కొడుతున్నాడు. దుమ్ము లేస్తోంది. పడవ దూరమైన కొద్దీ చప్పుడు ముందు ఆగిపోయింది, చెయ్యి మాత్రం లేస్తూ దిగుతూ ఉంది. తర్వాత కారు ఏదో మనిషి ఏదో తెలియలేదు.

తిరిగి వచ్చి ఒడ్డున దిగుతుంటే అతను శ్రీనిధి చెయ్యి పట్టుకొని దింపాడు. “ఎట్లున్నదమ్మా బోటు? మధ్యల లోతు మస్తుంటది గదా?” అని అడిగాడు. శ్రీనిధి చెప్పింది. నీళ్లు ఆకుపచ్చగా ఉన్నాయని, ఒక గుట్ట చుట్టూ తిరిగి వచ్చామని, పక్షులు లేచాయని. అతను ప్రతి మాటకూ తల ఊపాడు. ఉమారాణి పిల్లవాణ్ణి ఎత్తుకొని వాళ్ల పక్క నుంచే నడిచిపోయింది.

చీకటి పడక ముందే వంట మొదలుపెట్టింది. సుహాసిని వచ్చి రాతి మీద కూర్చొని, వద్దంటున్నా వెల్లుల్లి పాయలు ఒలవడం మొదలుపెట్టింది.

“నాకు ఊటీ పోవాల్నని ఉండె,” అంది. “ఏటా వచ్చే ఏడు అంటడు. పిల్ల పెండ్లికి ఎంతయినా పెడ్తనంటడు. ఇంటి మీద ఇంకో అంతస్తు ఏస్తనంటడు. ఊర్కె చూసొచ్చేదానికి పెట్టాల్నంటె మాత్రం చెయ్యి రాదు. తిరిగొచ్చినంక చేతుల ఏముంటదే అంటడు.”

“మీకు ఇదన్న అయింది గదక్కా.”

“అయింది. గీ రెండు దినాలు ఆయన మొహం చూస్తనే ఉన్న. ఏది కొన్నా, ఏడ ఆగినా లోపల లోపల లెక్క పెడ్తనే ఉంటడు. పక్కపొంటి ఉంటడు గని మాతోని ఉండడు.” ఒలిచిన పాయలు దోసిట్లోంచి గిన్నెలోకి జార్చింది. “మీరైతె ఎంత పెడ్తరు ఉమారాణీ, ఏడికన్న పోతె?”

ఉమారాణి గరిటె ఆపి ఆలోచించింది. పైకప్పు రేకులకు పెట్టారు. ఎల్లమ్మ పండుగకు యాటను కోశారు. పిల్ల దవాఖానకు అయినప్పుడు ఎంతయిందో కూడా తర్వాతే తెలిసింది. కానీ ఒక చోటికి పోయి, చూసి, ఉత్త చేతులతో రావడానికి పైసలు పెట్టడం గురించి ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనుకోలేదు.

“మేము గట్ల పోనే పోలె అక్కా.”

“మీ ఆయనన్న అన్ని చూసిండు గద.”

ఉమారాణి మూత పెట్టి మంట తగ్గించింది. “ఆ,” అంది. “చూసిండు.”

*

ఆలంపూర్ చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దసరా రద్దీ తగ్గిపోయింది. సేటు చెప్పులు కారులోనే విడిచి, “తొందరగ చూసొద్దాం. రాత్రి పన్నెండు దాటితె లింగస్వామి ఇంకో రోజు కిరాయి ఏస్తడు,” అన్నాడు. సుహాసిని పూలబుట్ట కొంది. “పిల్లగాన్ని ఎత్తుకో ఉమారాణీ,” అంది.

ఉమారాణి కారు దగ్గరే నిలబడింది. “నేను ఈడ్నే ఉంట అక్కా. కడుపుల తిప్పుతాంది.”

సుహాసిని ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, రిత్విక్‌ను తీసుకుపోయి తండ్రి చంకకు ఇచ్చింది. వాళ్లు గోపురం వైపు పోయారు.

పరమేష్ నీళ్ల సీసా తీసుకొని దగ్గరకొచ్చాడు. “ఏమైంది? పొద్దున తినలేదా?”

“ఏం గాలె. తాళం ఇయ్యి. నువ్వు పోయి రా.”

“నేనా? నేను చూసిందే గద. నువ్వు పో. మల్ల ఎప్పుడొస్తవు గీడికి?”

“చూసిందే మల్ల చూడు.”

“బండి ఉత్తగ…”

“నేనున్న గద బండి కాడ.”

అతను తాళంచెవిని పిడికిట్లో పట్టుకొని నిలబడ్డాడు. ఉమారాణి అరచెయ్యి చాపి అలాగే ఉంచింది. చాలా సేపు ఉంచింది. పక్క కారు డ్రైవరు సీటులో నిద్రపోతున్నాడు, అతని కాళ్లు కిటికీ బయటికి వేలాడుతున్నాయి. పరమేష్ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. ఫోను కూడా ఇచ్చాడు. నాలుగడుగులు పోయి వెనక్కి వచ్చాడు.

“ఎండకు టైరు కాడ నీడ ఉండది. ఆ గోడ పొంటి కూసో.”

“సరె. పో.”

చొక్కా లోపలికి దోపుకున్నాడు. తడి చేత్తో జుట్టు అదుముకున్నాడు. తెలియని వాళ్ల ఇంటికి పోతున్నట్టు, పక్కగా ఒదిగి నడుచుకుంటూ పోయాడు.

ఉమారాణి గోడ నీడలో కూర్చుంది. చేసేందుకు ఏమీ లేదు. కారు అద్దం మీద ఎండ మెరుస్తోంది. ఎవరో బొరుగుల పొట్లం విసిరేస్తే కోతి వచ్చి ఎత్తుకుపోయింది. గుడి లోపలి నుంచి గంట వినిపిస్తోంది, మనుషుల మాటలు వినిపిస్తున్నాయి, ఏదీ అర్థమయ్యేలా లేదు. ఒకామె తడి పాదాలతో బయటికి వచ్చి, నుదుటి బొట్టు సరి చేసుకుంటూ ముందర నుంచి పోయింది. ఎట్లున్నదమ్మా అని అడగబోయి ఉమారాణి నోరు మూసుకుంది. ఎండ జరిగింది. ఆమె కూడా నీడతో పాటు జరిగింది.

ముందు సేటు వాళ్లే వచ్చారు. రిత్విక్ తండ్రి భుజం మీద నిద్రపోతున్నాడు.

“పరమేష్ ఏడి?”

“లోపలికి పోయిండు సేటు. దర్శనానికి.”

“డ్రైవరు దర్శనానికి పోవుడేంది? ఫోన్ చెయ్యి.”

“ఫోన్ నా కాడ్నే ఉన్నది.”

సేటు చెయ్యి తిప్పి గడియారం చూసుకున్నాడు. “గీడ్నే ఆల్చమైతె రాత్రి పన్నెండు దాటుతది. ఇంకో రోజు కిరాయి ఎవరిస్తరు? నువ్వు ఇస్తవా?”

ఉమారాణి లేచి నిలబడింది. చీర వెనక అంటిన మట్టి దులుపుకుంది.

“దాటితె నా కూలిల పట్టుకోండి,” అంది. “మూడు దినాలది పట్టుకోండి. ఆయన వచ్చేదాక ఉందాం.”

గొంతు పెంచలేదు. చెప్పేసి కారు దగ్గరకు పోయి, తలుపు పిడి పట్టుకుంది. సేటు భార్య వైపు చూశాడు, ఆమె ఏదైనా అంటుందని. సుహాసిని పోయి గోడ నీడలో కూర్చుంది. “కూసోండి జర సేపు. గంటల ఏం మునగది,” అంది. శ్రీనిధి తల్లి పక్కన కూర్చుంది. సేటు కాసేపు నిలబడి, పిల్లవాడి బరువుకు భుజం లాగుతుంటే, చివరికి అతనూ కూర్చున్నాడు. నలుగురు మనుషులు డ్రైవరు కోసం గోడ పక్కన ఎదురుచూశారు.

పరమేష్ చాలా సేపటికి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది. వాళ్లను చూడగానే పరుగెత్తుకొచ్చాడు. “ఆల్చమైంది సేటు,” అన్నాడు. సేటు పోయి ముందు సీటులో కూర్చున్నాడు. ఉమారాణి తాళంచెవి ఇచ్చింది. అది తీసుకునేటప్పుడు పరమేష్ ఆమె మొహం చూశాడు.

*

హైవే మీద ఆలంపూర్ చౌరస్తాలో చాయ్ కోసం ఆపారు. సేటు వాళ్లు దిగి హోటల్లోకి పోయారు. ఉమారాణి గిన్నెల మధ్య తన చోటులోనే ఉంది. పరమేష్ రెండు గ్లాసులు తెచ్చి ఒకటి కిటికీలోంచి అందించాడు. బయట నిలబడి తన చాయ్ ఊదుకున్నాడు. లారీ ఒకటి పోతే కారు చిన్నగా ఊగింది.

“లోపల చల్లగున్నది,” అన్నాడు.

ఉమారాణి మిగతాది చెబుతాడని చూసింది. అతని దగ్గర ఎప్పుడూ మిగతాది ఉంటుంది.

“రాయి మీద చెయ్యి పెట్టిన. బయట గంత ఎండున్నది గదా. రాయి చల్లగున్నది.”

“గుడి ఎనక నది దాక పోయినవా?”

“పోయిన. మెట్ల మీద కూసున్న, నీళ్లల్ల కాళ్లు పెట్టి.” గ్లాసులోకి చూశాడు. “ఎవరు పిలువలె.”

ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచాడు. ఏ బొమ్మ ఎలా ఉందో, నది ఎంత వెడల్పుందో చెబుతాడని ఆమె అనుకుంది. చెప్పలేదు. ఎండ వాలుతున్న రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమె కిటికీ మీద ఉన్న అతని చేతిని ముట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా తడిగానే ఉన్నట్టు అనిపించింది.

హోటల్ మెట్ల మీద నుంచి సేటు చెయ్యి ఊపాడు. పరమేష్ గ్లాసులు రెండూ తీసుకొని పోయి ఇచ్చి వచ్చాడు. అందరూ ఎక్కారు. కారు కదిలింది. నలుగురి తలల అవతల అతని తల వెనక భాగం, చెవి కనిపిస్తున్నాయి. ఇంటికి పోయాక పిల్లలు కంచాలు ముందర పెట్టుకొని కూర్చుంటారు. ఈసారి ఏం చెబుతాడో ఉమారాణికి తెలియదు. అతనికీ తెలిసినట్టు లేదు.